తెగని దారం వెతుక్కుంటూ సారపాక దాకా

సారపాక నుంచి వచ్చి వారం దాటింది. నడుం నొప్పి మాత్రం ఇంకా బస్సు దిగలేదు. అడిగినవాళ్ళకల్లా తమ్ముడింటికి వెళ్ళొచ్చానని చెబుతున్నాను. అది అబద్ధం కాదు కానీ నేను వెళ్ళింది దారం పట్టుకుని. కుట్టు మిషను దారమైతే ఎవరూ నవ్వరు. ఇది గాలానికి కట్టే దారం. యాభై దాటిన టైలరమ్మకు చేపల గాలంతో ఏం పని అని మీరు అడిగితే తప్పు లేదు. దారి పొడుగునా నన్ను నేనే ఆ మాట అడుక్కున్నాను.

మా వైపు నుంచి భద్రాచలం వెళ్ళేవాళ్ళు రాముడి దర్శనం చేసుకుని, తలంబ్రాల పొట్లం పట్టుకుని తిరిగొస్తారు. నేను బ్రిడ్జి దాటి కూడా గుడి వైపు తిరగలేదు. నవమికి పందిళ్ళు వేస్తున్నారు, కర్రలు దించుతున్న లారీలు చూశాను, అంతే. తలంబ్రాలు తెమ్మని చెప్పిన ఇరుగుపొరుగు ఇప్పుడు నాతో ముభావంగా ఉన్నారు.

నేలకొండపల్లి

పెళ్ళి జాకెట్లు మిషను పక్కన గుట్టగా పడి ఉన్న రోజుల్లో సుజాత ఫోన్ చేసింది. సుజాత మా తమ్ముడు సమ్మయ్య భార్య. సమ్మయ్య సారపాకలో కాగితం మిల్లులో కాంట్రాక్టు కూలీ. ఎక్కువగా రాత్రి డ్యూటీలే పడతాయి.

"వదినా, మీ తమ్మునికి ఏదో పట్టింది. పొద్దున డ్యూటీ దిగి ఇంటికొస్తలేడు. సీదా గోదారికే పోతున్నడు. పగలు నిద్ర లేక రాత్రి మిషిన్ కాడ తూగుతున్నడని పక్కింటోళ్ళు చెప్పిన్రు. ఆ మిషిన్ల చెయ్యి పడితే నా గతేంది?"

"గోదారి కాడ ఏం జేస్తడు?"

"గాలం ఏస్తడు. మడుగుల ఒక వాలుగ చేప ఉన్నదట. పెద్దదట. ఎన్నిసార్లు పడ్డా దారం తెంపుకోని పోతున్నదట. అది దొరికేదాక ఇంట్ల పండనంటుండు. నువ్వు ఖమ్మంల మంచి దారం చూసి కొనుక్క రా వదినా. తెగనిది. ఆ పీడ దొరికితే ఈయన మనిషైతడు."

మా ఇంట్లో ఏ తరంలోనూ గాలం పట్టినవాడు లేడు. పాలేరు చెరువు దగ్గర్లోనే ఉన్నా మేం చేపను సంతలో కొని ఎరుగుదుమే కానీ నీళ్ళలో చూసి ఎరగం. వాడికి ఆ పిచ్చి సారపాక నీళ్ళే నేర్పాయి. చిన్నప్పటి నుంచి వాడు ఒక పని పడితే తిండి మరిచే రకం. సుజాత గొంతులో ఏడుపు లేదు, అలుపు ఉంది. ఏడుపు వింటే నేను ఫోన్లోనే ఓదార్చి పెట్టేసేదాన్ని. ఆ అలుపు విన్నాక జాకెట్ల మీద చీర కప్పేసి సంచి సర్దుకున్నాను.

ఖమ్మం

బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేదు కనుక సీటూ లేదు. మిర్చి మార్కెట్ రోజులు. వెనక సీట్ల నుంచి ముందు సీట్ల దాకా తుమ్ములు వరసగా వచ్చాయి. ఆధార్ కార్డు చూపించేటప్పుడు నేను తుమ్మితే కండక్టరు కూడా తుమ్మాడు. ఇద్దరం ఒకరినొకరు క్షమించుకున్నాం.

తాళ్ళు, వలలు, టార్పాలిన్లు అమ్మే దుకాణం ఒకటి అడిగి అడిగి పట్టుకున్నాను. దుకాణదారు నన్ను చూసి బర్రె పలుపుకు వచ్చిందనుకున్నాడు. గాలం దారం అనగానే కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు.

"ఎంత చేపకమ్మా?"

"నేను చూడలే. తెగొద్దు, అంతే."

గాజులాగా మెరిసే నైలాన్ చుట్టలు, లావువి, సన్నవి ముందు పరిచాడు. నాకు దారం చూడటం ఒక్కటే తెలుసు. ఒక కొస పెదాల మధ్య తడిపి, బొటనవేలి మీద దొర్లించి, రెండు చేతులా పట్టి చెవి దగ్గర లాగి చూశాను. దుకాణదారు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. పక్కన పాలేరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన గాలం ముళ్ళు ఏరుకుంటున్నాడు. ఆయన ఊరుకోలేకపోయాడు.

"సన్నది తీస్కో బిడ్డా. లావుది చేప కంటికి కనబడ్తది. నా ఉమ్మర్ అంత సన్నదానితోనే ఎల్లిపోయింది."

"మీది చెరువు, వాళ్ళది గోదారి," అన్నాడు దుకాణదారు. "గోదారి వాలుగకు సన్నది ఏం ఆగుతది?"

"పట్టేటోనికి ఆగుతది."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని ఇద్దరూ పట్టుబట్టారు. నేను ఎండలో నిలబడ్డాను. చివరికి దుకాణదారు లోపలి నుంచి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. అందులో అల్లిక దారం ఉంది, ఆడపిల్ల జడలాగా పాయలు పాయలుగా అల్లింది. చూడ్డానికి నా మిషను దారం కంటే కాస్త లావు. తన పిడికిలికి చుట్టుకుని రెండో కొస నాకిచ్చాడు.

"గుంజు. నీ బలమంత వెట్టి గుంజు. దున్నపోతును గట్టినా తెగదు."

లాగాను. నా వేళ్ళు కోసుకుపోయాయి కానీ దారం ఉలకలేదు. నాలుగు జాకెట్ల కుట్టుకూలి దానికి పోశాను. పెద్దాయన చిన్నబోయినట్టు అనిపించి ఆయన చెప్పిన సన్న దారం కూడా ఒక చుట్ట కొన్నాను. ఇది దయ కాదు, ఆయన బస్టాండు దాకా వెంటబడి చెబుతాడేమోనని భయం.

పాల్వంచ

కొత్తగూడెంలో బస్సు మారి పాల్వంచ చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ సరోజ ఉంటుంది. ఒకప్పుడు మేమిద్దరం ఒకే చోట కుట్టు నేర్చుకున్నాం. ఇప్పుడు ఆమె మోకాళ్ళూ నా మోకాళ్ళూ ఒకే రకంగా శబ్దం చేస్తున్నాయి. ఆ రాత్రికి వాళ్ళింట్లోనే ఉండమంది.

కిన్నెరసాని చేపల పులుసు పెట్టింది. మా వైపు చేపల పులుసంటే చిక్కటి చింతపులుసు, ఎర్రటి కారం. సరోజ మాత్రం పచ్చి మామిడికాయ చెక్కు తీయకుండా కోసి వేసింది. మొదటి ముద్దకు పళ్ళు పులిసినా, మూడో ముద్దకు ప్రయాణం బడలిక కాస్త తగ్గింది. ఆమె భర్త మొగిలి ఆదివారాలు కిన్నెరసాని ఒడ్డున గాలం వేస్తాడట. నేను ఎందుకు వెళుతున్నానో చెప్పగానే కంచంలోంచి చెయ్యి తీశాడు.

"గట్టి దారం, సన్న దారం అంటరు గానీ, సాగే దారం ఉండాలె వదినా. చేప గుంజితే సాగాలె, ఇడిస్తే మళ్ళ రావాలె." లేచి వెళ్ళి, చెక్క ముక్కకు చుట్టిన ఆకుపచ్చ నైలాన్ దారం తెచ్చి నా సంచిలో పెట్టాడు. వద్దన్నా వినలేదు.

సంచిలో పెట్టడమే తప్పయింది. అల్లిక దారం డబ్బా మూత ఊడి, అది మొగిలి దారంతో, నా కొలత టేపుతో, పిన్నీసులతో కలిసి ఒక పక్షి గూడు తయారైంది. కరెంటు పోయిన వరండాలో కూర్చుని నేనూ సరోజా దాన్ని విప్పబోయాం. ఇద్దరు టైలర్లం, ఒక్క చిక్కు తీయలేకపోయాం. సరోజ చివరికి, "పోనియ్యే, వాళ్ళే తీసుకుంటరు, మొగుడూ పెండ్లానికి ఇద్దరికీ పని కావాలె గదా," అని పడుకుంది. నేను అలాగే కట్టగట్టి సంచిలో తోశాను.

సారపాక

సారపాక రాకముందే కాగితం మిల్లు వాసన వస్తుంది. జామాయిల్ దుంగలు, వెదురు బొంగులు మోస్తున్న లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. డ్రైవర్లు లారీల కిందే ఊయలలు కట్టుకుని నిద్రపోతున్నారు. ఆ ఊళ్ళో ఎవరో ఒకరు ఎప్పుడూ నిద్రపోతూనే ఉంటారు, మిగతావాళ్ళు నిద్ర చాలక నడుస్తుంటారు. మా ఊళ్ళో పగలు పడుకున్న మగవాణ్ణి సోమరి అంటారు. ఇక్కడ పగలు పిల్లలు అరిస్తే తల్లులు వచ్చి నోరు మూస్తారు, ఏ ఇంట్లో ఎవరు రాత్రి డ్యూటీయో అందరికీ తెలుసు.

సమ్మయ్య మధ్యాహ్నం దాటాక గోదావరి నుంచి వచ్చాడు. నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. బుగ్గలు పీక్కుపోయాయి, కళ్ళు మిరపకాయలు. నాకు వాణ్ణి చూసి ఏడుపొచ్చింది, వెంటనే కోపమొచ్చింది.

"ఏం రోగంరా నీకు?"

"ఏం లేదక్కా. మంచిగనే ఉన్న." సంచి వైపు చూశాడు. "తెచ్చినవా?"

చిక్కుపడ్డ కట్ట చూపించాను. అందులోంచి అల్లిక దారం కొస పట్టుకుని లాగి చూసి వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి చాలా ఏళ్ళయింది. అన్నం తింటుంటే అడిగాను, ఒక్క చేప కోసం ఇంతనా అని.

"నీకెట్ల చెప్పాలె అక్కా," అన్నాడు. "నేను ఏ డ్యూటీ చెయ్యాల్నో వాళ్ళు చెప్తరు. ఎప్పుడు తినాల్నో, ఎప్పుడు పండాల్నో వాళ్ళే. ఎన్నేండ్లు చేసినా పర్మినెంట్ లేదు. నేను కావాలె అనుకున్నది ఒక్కటన్న నా చేతికి రావాలె గదా. అది రెండు కండ్లతోని నన్ను చూసి పోయింది."

వాడి కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేశాను. దారం అప్పుడే ఇమ్మన్నాడు, డ్యూటీకి పట్టుకుపోయి పొద్దున్నే సీదా గోదావరికి వెళతాడట. చిక్కు తీసి నేనే తెస్తానని చెప్పి పంపాను.

వాడటు వెళ్ళగానే యాకయ్య వచ్చాడు. పక్క వరసలో ఉంటాడు, సమ్మయ్యతో పాటే డ్యూటీ, వాడితో పాటే గాలం. అల్లిక దారం వచ్చిందని విని, డ్యూటీకి పోయేముందు చూడ్డానికి వచ్చాడట. నడక ఒక పక్కకు ఒరుగుతోంది. గడప మీద కూర్చుని చెప్పు విప్పాడు. ఎడమ కాలికి బొటనవేలు లేదు.

"ఏమైంది?" అన్నాను.

"గిదే దారం అక్కా," అన్నాడు దారం కట్ట చూపిస్తూ. "మేం గాలం ఏసి కాలి ఏలికి కట్టుకోని పండుకుంటం. రాత్రంత డ్యూటీ జేసినోనికి నిద్ర ఆగదు గదా. చేప పడితే వేలు గుంజుతది, లేస్తం. పాత నైలాన్ ఉన్నప్పుడు పెద్దది పడితే దారం తెగేది. మావోడొకడు హైదరాబాద్ల నుంచి ఇది తెచ్చిండు. ఇగ దారం తెగలే. వేలు తెగింది." చెప్పి నవ్వాడు. ఈ కథ చాలాసార్లు చెప్పిన నవ్వు అది.

"గజ్జె కట్టొచ్చు గదా కర్రకు? మోగితే లేస్తరు."

"మిషిన్ల నడుమ రాత్రంత ఉన్న చెవికి గజ్జె ఇనబడ్తదా అక్కా? కట్టి చూసినం. గజ్జె, చేప రెండూ పోయినయ్."

పక్కనే నిలబడి వింటున్న సుజాతకు అప్పటిదాకా ఈ సంగతి తెలియదు. యాకయ్యకు వేలు మిల్లులో పోయిందనుకుంటోంది. తన మొగుడు గాలం వేస్తాడని తెలుసు కానీ కాలికి కట్టుకుని పడుకుంటాడని తెలియదు. ఆడవాళ్ళు ఆ ఒడ్డుకు వెళ్ళరు. ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తెగని దారం తెమ్మని అడిగింది ఆమె, తెచ్చింది నేను. ఆ కట్ట మా ఇద్దరి మధ్య పడి ఉంది.

యాకయ్య వెళ్ళాక సుజాత, "పొయ్యిల పడేస్త," అంది. నేను వద్దన్నాను. మనం పారేస్తే వాడు ఇంకో చోట కొంటాడు. వాడి పట్టు నాకు తెలుసు. కాలికి కట్టొద్దంటే సరేనని, మేం అటు తిరగగానే కడతాడు.

కూర్చుని చిక్కు తీస్తూ ఆలోచించాను. జాకెట్టు కుట్టేటప్పుడు మేం బట్ట కంటే గట్టి దారం వాడం. బిగుతైనప్పుడు కుట్టు విడిపోవాలి, బట్ట చిరగకూడదు. కుట్టు విడితే మళ్ళీ కుట్టుకోవచ్చు, బట్ట చిరిగితే ఇక చేసేదేమీ లేదు. పని నేర్పేటప్పుడు మొదటి వారం చెప్పే మాట ఇది. అల్లిక దారం అలాగే ఉండనిచ్చి, గాలం ముల్లుకు ముందు ఒక మూరెడు వేరే దారం కలపాలి. చిన్నా చితకా చేపను అది ఆపాలి, తమ్ముడి కాలు లాగేంత చేప పడితే అది ముందు తెగాలి. ఆ మూరెడు దారం ఏదన్నదే ఇప్పుడు ప్రశ్న.

పాలేరు పెద్దాయన సన్న దారం సుజాత చేతిలో చిటికెలో తెగింది. మొగిలి సాగే దారం నా వేలికి కట్టి లాగమన్నాను. సాగింది, సాగింది, నా వేలు వంకాయ రంగుకు వచ్చింది కానీ అది తెగలేదు. మనసు బాగా నీరసించింది. అంత దూరం మోసుకొచ్చిన మూడు దారాల్లో ఒక్కటీ వాడి కాలికి సరిపోలేదు.

బ్రిడ్జి అవతల, సంత

చిక్కు ఇంకా తీయలేదని మర్నాడు సమ్మయ్యకు ఫోన్లో చెప్పించి, నేనూ సుజాతా ఆటో ఎక్కి బ్రిడ్జి దాటాం. దుమ్ముగూడెం దారిలో ఆ రోజు వారం సంత. గాలం సామాను అక్కడ దొరుకుతుందని యాకయ్య చెప్పాడు.

అడివి అంచు సంత మా నేలకొండపల్లి సంతలాగా అరుపులతో ఉండదు. కోయ ఆడవాళ్ళు ఎండు ఇప్పపువ్వు, చింతపండు, చీపుళ్ళు ముందు పెట్టుకుని నెమ్మదిగా కూర్చుంటారు. తమలో తాము కోయలో మాట్లాడుకుంటారు, ధర మాత్రం తెలుగులో చెబుతారు, ఒక్కసారే చెబుతారు. మా ఊళ్ళో బేరం ఆడకపోతే అమ్మినవాడే చిన్నబుచ్చుకుంటాడు. ఇక్కడ నేను బేరమాడితే చింతపండు అమ్మే అవ్వ తట్ట మీద గుడ్డ కప్పేసి పక్కకు తిరిగింది. సుజాత బతిమాలితే మళ్ళీ తీసింది.

ఇనుప సామాను అమ్మే ఒకతను కత్తులు, గునపాలు, టార్చిలైట్ల పక్కన గాలం దారం కూడా పెట్టాడు. మూరల్లెక్కన కోసి ఇస్తాడు. నాలుగైదు రకాలు ఉన్నాయి. నేను గోనెసంచి మీద చతికిలబడి చెప్పు విప్పి, మొదటి రకం బొటనవేలికి కట్టి, రెండో కొస సుజాతకిచ్చాను.

"గుంజు."

"ఇక్కడనా వదినా?"

"ఇంకెక్కడ?"

అమ్మేవాడు లేచి నిలబడ్డాడు. "అమ్మా, దారం కొంటున్నవా, కాలికి పట్టీలు కొంటున్నవా?"

సుజాత సిగ్గుపడుతూ లాగింది. అది తేలిగ్గా తెగింది. రెండోది కట్టాను. అది తెగలేదు, నేనే కెవ్వుమన్నాను. చింతపండు అవ్వ బుట్ట వదిలేసి వచ్చింది, ఆమె వెనక మరో ఇద్దరు. కోయలో ఏదో అనుకుని పడీపడీ నవ్వారు. ఏమంటున్నారని అమ్మేవాణ్ణి అడిగితే, "మొగుణ్ణి కట్టేసే తాడు చూస్తున్నదా అంటున్రు," అన్నాడు. ఆ మాటకు సుజాతకు కూడా నవ్వొచ్చింది. నేను సారపాక వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

నా వేలు వాచిపోయింది. ఇక రెండో కాలు చాపుతుంటే అవ్వ నన్ను పక్కకు జరగమని, తనే కూర్చుని కాలు చాపింది. ఎందుకు లాగుతున్నామో సుజాత చెప్పింది. ఈసారి అవ్వ నవ్వలేదు. పక్కనున్న ఆమెకు కోయలో చెప్పింది, ఆమె తలాడించింది.

"నా కాలు మొద్దుది," అంది అవ్వ. "మొగోని కాలు గూడ మొద్దుదే. నా కాలికి సూడు."

బూడిద రంగు దారం ఒకటి, మరీ సన్నం కాదు, మరీ లావు కాదు, ఆమె వేలికి కట్టాం. సుజాత మొదట మెల్లగా లాగింది. తర్వాత కొంగు నడుముకు దోపి రెండు చేతులా లాగింది. అవ్వ పళ్ళు బిగించింది. దారం టప్పున తెగింది, సుజాత వెనక్కి పడింది. అవ్వ వేలి మీద తెల్లగా గీత పడి ఎర్రబడింది, కానీ చర్మం తెగలేదు. మళ్ళీ కట్టి మళ్ళీ లాగాం. మళ్ళీ అక్కడికే తెగింది.

"గిది మంచిది," అంది అవ్వ లేస్తూ. నేను ఆమె దగ్గర చింతపండు చెప్పిన ధరకే కొన్నాను, బేరం ఎత్తలేదు.

గోదావరి గట్టు

మర్నాడు తెల్లవారి డ్యూటీ దిగే వేళకు మిల్లు గేటు దగ్గరికి వెళ్ళాను. సుజాత కూడా వస్తానంది, నేనే వద్దన్నాను. సమ్మయ్య వెంట ఇసుకలో నడిచి నడిచి కాళ్ళు పీకాయి. మార్చిలో గోదావరి సన్నబడి మడుగులుగా విడిపోతుంది. బండలు తేలిన ఒక మడుగు పక్కన అప్పటికే మగవాళ్ళు వరసగా పడుకుని ఉన్నారు. మొహాల మీద తువ్వాళ్ళు, నీళ్ళ వైపు చాపిన కాళ్ళు, ఒక్కో కాలి నుంచి ఒక్కో దారం నీళ్ళలోకి. ఇంత అలిసిపోయిన మనుషులను నేను పెళ్ళిళ్ళ సీజన్లో టైలర్లలో కూడా చూడలేదు.

దారం అంతా నేనే అమర్చి తెచ్చాను. అల్లిక దారం, దాని కొసకు మూరెడు బూడిద దారం, దానికి ముల్లు. సమ్మయ్య కళ్ళు మూతలు పడుతున్నాయి, పరీక్షగా చూసే ఓపిక లేదు. ముల్లుకు ఎర గుచ్చి విసిరాడు, రెండో కొస బొటనవేలికి చుట్టుకున్నాడు.

"కాలికెందుకురా, నేను పట్టుకుంట తీయి."

"నీకు చెయ్యి కోసుకుపోతదక్కా. కూసో." అంటూనే నిద్రలోకి జారిపోయాడు.

నేను పక్కన కూర్చున్నాను. నీడ లేదు. వాడి గురక వింటూ, ఆ దారం వైపు చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. చేప రాకూడదని మొక్కాను. వస్తే ముడి గట్టిగా ఉండకూడదని కూడా మొక్కాను. నా చేతి ముడి వదులుగా ఉండాలని కోరుకున్నది నా కుట్టు జీవితంలో ఆ ఒక్క రోజే.

ఎండ నెత్తికెక్కుతుండగా దారం నీళ్ళ మీద నిటారుగా లేచింది. సమ్మయ్య కాలు ఎవరో తన్నినట్టు ముందుకు పోయింది. వాడు లేచేలోపే బండ మీద జారాడు, నాచు మీద వీపు జర్రున జారింది, మడమలు నీళ్ళలో పడ్డాయి. నేను వాడి చొక్కా కాలరు పట్టుకున్నాను. నా బరువు వాడికి ఏ మూలకు? ఇద్దరం కలిసి జారాం. వాడు అరుస్తూ వేలికి చుట్టిన దారం విప్పబోతున్నాడు, అది కండలోకి దిగింది. మడుగు మధ్య ఒక నల్లటి వీపు తేలింది. అంత వెడల్పు వీపు చేపకు ఉంటుందని నాకు తెలియదు.

టప్పున శబ్దం. వాడి కాలు ఒక్కసారిగా వదులైంది. ఇద్దరం మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుండిపోయాం. పక్కన యాకయ్య తువ్వాలు తీసి చూశాడు.

సమ్మయ్య దారం చేదుకున్నాడు. అల్లిక దారం అంతా వచ్చింది, చెక్కుచెదరకుండా. కొసకు బూడిద దారం తెగి వేలాడుతోంది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని దొర్లించి చూశాడు.

"ఇది ఖమ్మం దారం గాదు."

"కాదు. సంతల కొన్న. నేనే కట్టిన."

"తెలిసే కట్టినవా?"

"అవ్. తెలిసే కట్టిన."

వాడి మొహం చూడలేకపోయాను. ఇంత దూరం వచ్చి వాడు ఒక్కటి అడిగితే అదీ ఇవ్వలేదు. "కొడితే కొట్టు," అన్నాను. "తిడితే తిట్టు. నాకు చేపొద్దు, నాకు నువ్వు కావాలె తమ్మీ."

"దొరికేది అక్కా," అన్నాడు. "ఇయ్యాల దొరికేది."

"అవ్. దానికి నువ్వు దొరికేటోనివి."

వాడి వేలి చుట్టూ దారం ఉంగరంలాగా గాడి పెట్టింది, నెత్తురు చిమ్ముతోంది. నా కొంగు చింపి కట్టాను. యాకయ్య తన కాలి దారం విప్పుకుని, మెల్లగా లేచి వచ్చి, సమ్మయ్య వేలు చూశాడు, తన లేని వేలు చూసుకున్నాడు. వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

ఇసుకలో వెనక్కి నడిచేటప్పుడు వాడు కుంటుతూ ముందు, నేను వెనక. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుని అడుగడుగునా ఆపుతోంది. దారిలో ఒక చోట ఆగి, నా వైపు చూడకుండానే, "ఆ సంత దారం ఇంకెంత ఉన్నది?" అని అడిగాడు. ఉందన్నాను. రేపు మళ్ళీ వెళతాడని అర్థమైంది. మాన్పించలేనని నాకూ అర్థమైంది.

సుజాత వీధి మలుపులోనే నిలబడి ఉంది. ముందు వాడి కాళ్ళ వైపు చూసింది. గుడ్డ కట్టు చూసి గబగబా వచ్చి, వంగి, కట్టు మీంచే వేళ్ళు తడిమింది. తర్వాత ఖాళీ చేతులు చూసింది.

"మళ్ళ తెగిందా?" అంది.

సమ్మయ్య ఆమె భుజం పట్టుకుని గడప ఎక్కాడు.

"తెగింది," అన్నాడు. "మంచి దారం తెచ్చింది అక్క. జర చాప ఎయ్యి, ఇంట్ల పండుకుంట."